మాఫ్ చెయ్యాల్సినవాడు

నాందేడ్ శివారు జిన్నింగ్ మిల్లులో పొద్దున పది గంటల ఛాయ్ అంటే కూలీలకు ప్రాణం. ఆ ప్రాణాన్ని మూడు నెలలుగా సూర్యకాంత్ తోడేస్తున్నాడు.

తప్పు ఫాదర్‌ది కాదు. చర్చిలో ఒకరోజు శిక్షణ పెట్టి, తోటివాళ్లతో మాటల్లో మాటగా విశ్వాసం పంచుకోండి, ఎక్కువ వినండి, తక్కువ చెప్పండి అని ఆయన నెమ్మదిగానే చెప్పాడు. మనవాడికి ‘చెప్పండి’ అన్న చివరి ముక్క ఒక్కటే చెవికెక్కింది. యంత్రం ఆగితే ఓర్పు గురించి చెబుతాడు. తోటి కూలీ ఉమేశ్ బండి తాళంచెవి కనపడకపోతే, పోయినవి వెతికిపెట్టే పునీత అంతోనివారి గురించి చెబుతాడు. తాళంచెవి బండికే వేలాడుతుంటే ఆ ఘనతా అంతోనివారిదే అంటాడు. ఈలోగా ఛాయ్ చల్లారిపోతుంది.

ఇంత చెప్పేవాడు అమోల్‌తో మాత్రం ఏడాదిగా మాట్లాడడు. ఒకే బల్ల మీద ఆ చివర అమోల్, ఈ చివర ఈయన. నిరుడు కూలీల మీద పెద్దగా ఉండే ముకద్దం పని సూర్యకాంత్‌కే వస్తుందనుకున్నారంతా. అంతలో ఎవరో పోయి, అతను దూది కుప్పల చాటున బీడీ తాగుతాడని సేఠ్ చెవిలో ఊదారు. దూది మిల్లులో అంతకు మించిన పాపం లేదు. సూర్యకాంత్ పుట్టి బుద్ధెరిగి బీడీ ముట్టినవాడు కాదు. అయినా పని భోజన్న అనే ఇంకో కూలీకి పోయింది. ఆ రోజు సేఠ్ గది ముందు అమోల్ కనపడ్డాడు కాబట్టి ఊదింది అతనేనని సూర్యకాంత్ తీర్పు చెప్పేసుకున్నాడు. ఒక్కరినీ అడగలేదు.

ఆ శుక్రవారం పాపసంకీర్తనం వంతు వచ్చింది.

“మా దాంట్ల తప్పు చేసినోడు ఫాదర్ ముంగట ఉన్నదున్నట్టు చెప్పుకుంటడు. దేవుడు మాఫ్ చేస్తడు. మనసు తేలికైతది,” అన్నాడు సూర్యకాంత్.

“ఎంత పెద్ద తప్పయినా?” ఉమేశ్ అడిగాడు.

మూడు నెలల్లో ఒక మనిషి తనంతట తాను ప్రశ్న అడగడం అదే మొదలు. సూర్యకాంత్‌కు లోపల పండగైపోయింది. “ఎంతదైనా సరే! దేవుడే చేస్తుంటె మనమెంత? మన ముంగటికచ్చి ఒప్పుకున్నోన్ని మనం గూడ మాఫ్ చెయ్యాలె. ఎదురు మాట అనొద్దు.”

ఉమేశ్ గ్లాసు కింద పెట్టాడు. చెప్పులు విడిచి, చేతులు కట్టుకుని అతని ముందు నిలబడ్డాడు.

“సూర్యన్నా, సేఠ్‌కు బీడీ ముచ్చట చెప్పింది నేనే. మా భోజన్న మామకు ఆ పని కావాల్నని అబద్ధం చెప్పిన. ఏడాది సంది కడుపుల గుచ్చుకుంటున్నది. మాఫ్ చెయ్.”

సూర్యకాంత్ మొహం ఎర్రబడింది.

“గిది... గిది నాకు గాదు, ఫాదర్‌కు చెప్పుకోవాలె,” అన్నాడు.

“ఫాదర్‌దేం పోయింది? పోయింది నీది గద!”

సూర్యకాంత్‌కు కోపం ముంచుకొచ్చింది. ఆ కోపం వెనకే, ఆ చివర కూర్చున్న మనిషి గుర్తొచ్చి, సిగ్గు తన్నుకొచ్చింది. లేచి బల్ల చివరిదాకా నడిచాడు. ఆ పది అడుగులూ అతనికి చాలా దూరమనిపించాయి.

“అమోల్, తప్పయింది. ఉత్తపుణ్యానికి నిన్ను అనుమానించిన.”

అమోల్ అతన్ని ఎగాదిగా చూసి పక్కకు జరిగాడు. “కూసో. ఏడాది సంది ఛాయ్ అన్న పశాంతంగ తాగిన. అదీ పాయె.”

“మరి నా సంగతేంది?” ఉమేశ్ ఇంకా చెప్పులు లేకుండానే నిలబడి ఉన్నాడు.

“నువ్వు ఆదివారం దాక ఆగు,” అన్నాడు సూర్యకాంత్ పళ్లు బిగపట్టి. “ముందుగాల నేను పోయి ఫాదర్‌కు చెప్పుకోవాలె, నిన్ను చెప్పుతోటి కొట్టబుద్ధయితున్నదని.”