కావాలని ఓడే మిషను

కోదాడ, సూర్యాపేట, మిర్యాలగూడ మూడూళ్లూ గాలించినా చదరంగంలో కంప్యూటర్‌ను ఓడించిన ముసలివాణ్ని నేనొక్కణ్నే. నా ఎత్తుకు జవాబు తోచక అది కళ్లు మూసేసింది. ఈ సంగతి పక్కింటి త్రివేణికి చెబితే బీరకాయ చెక్కు తీస్తూ, తలెత్తకుండానే, "చార్జింగ్ ఖతమైందేమో తాతా," అంది. నిజమే, చార్జింగే. అప్పటికే సగం కోదాడకు చెప్పేశాను కాబట్టి మిగతా సగానికి కూడా చెప్పాను.

త్రివేణి పుట్టిల్లు నడిగూడెం. పెళ్లికి ముందు సూర్యాపేట పోటీల్లో కప్పులు గెలిచిన పిల్ల. ఇప్పుడు ముందుగదిలో పిల్లలకు చదరంగం నేర్పేది మాత్రం ఆమె మొగుడు పరశురాములు. తల్లిదండ్రులు చెస్ మిషన్లు, ఫోన్లు పట్టుకొచ్చి, ఇది ఎంత గట్టిది సార్, మావాడు దీంతో ఆడొచ్చా అని అడుగుతారు. అతను నాలుగు ఎత్తులు ఆడి, గడ్డం గోక్కుని, నీళ్ల వంకతో వంటింట్లోకి వస్తాడు. "గుర్రాన్ని గిట్ల పెట్టింది, మంత్రిని గట్ల జరిపింది. చెప్పు, జల్ది." ఆమె పిండి చేతులతోనే చెబుతుంది. అతను మూతి తుడుచుకుని వెళ్లి అదే మాట తన గొంతుతో చెబుతాడు. ఎత్తు చూసి మిషను బలం చెప్పే సార్ అని అతనికి పేరు. ఆ పేరు వినబడినప్పుడల్లా పెనం మీద చపాతీ ఒకటి మాడుతుంది.

ఒకనాడు పరశురాములు ఆమెతో చెప్పాడు. "ఆదివారం మిర్యాలగూడ స్కూల్ మేడం వస్తది. చెస్ టీచర్ కావాల్నంట. నువ్వు వంటింట్లనే ఉండు, నడుమ నేనొస్త."

"ఆ నౌకరి నేను చేస్త," అంది త్రివేణి.

అతను మనసారా నవ్వాడు. "రోజూ నా చేతుల ఓడిపోతవ్. పిల్లలకేం నేర్పుతవే?"

ఆ మాట ఆమెను నిద్రలోనూ వదల్లేదు. కొత్త కోడలిగా వచ్చిన మొదటి ఆటలో ఆమే గెలిచింది. అతను కంచం నెట్టేసి లేచిపోయాడు. అత్త రుక్కమ్మ గిన్నెలు సర్దుతూ, "మొగోడు ఓడితే బువ్వ సైసదు బిడ్డా, జర సూసుకొని ఆడు," అంది. అప్పటినుంచీ సూసుకొనే ఆడుతోంది. ఓడిపోవడం అంత తేలికా? అతనికి అనుమానం రాకూడదు. గుర్రాన్ని పోగొట్టుకోవాలంటే ముందు ఓ బంటు మీద ఆశపడ్డట్టు కనిపించాలి, కాసేపు ఆలోచించాలి, పోయాక అయ్యో అని నోరు నొక్కుకోవాలి. ఇల్లంతా ఊడ్చి, తోమి, ఉతికి, ఆ పైన కూర్చుని ఇంత పని. ఇన్నేళ్ల ఆ పనితనాన్ని అతను చేతగానితనంగా జమకట్టుకున్నాడు. తప్పు అతనిదా, ఇంత బాగా ఓడిన తనదా అని ఆమెకు చిర్రెత్తుకొచ్చేది.

ఆదివారం ఆ స్కూల్ మేడం సునీత, బడికి పనికొస్తుందేమో చూడమని ఓ మిషను పట్టుకొచ్చింది. చిన్నపిల్లలకోసం అని డబ్బా మీద రాసి ఉంది. నేనూ అక్కడే కూర్చున్నాను. మిషను చక్కగా ఆడుతూ ఆడుతూ ఉన్నట్టుండి మంత్రిని తెచ్చి పరశురాములు బంటు కొట్టే గడిలో నిలబెట్టింది. అతను తినేసి గెలిచాడు. గెలిచినవాడికి వంటింటితో ఏం పని? అక్కడే తేల్చేశాడు. "బలం తక్కువ మేడం. చిన్నపిల్లలకు సరిగ్గ సరిపోతది."

నీళ్ల గ్లాసులతో గుమ్మంలో నిలబడ్డ త్రివేణి అంది, "అది రాక ఓడిపోలే. కావాల్నని ఓడింది."

"ఎట్ల తెలుస్తది?" అంది సునీత.

"రానోడు తప్పు చేస్తే దాంట్ల ఓ ఆశ ఉంటది మేడం. ఏదో తిందామని పోయి ఇంకేదో పోగొట్టుకుంటడు. ఇది ఉస్తాద్ లెక్క ఆడి, ఏ ఆశా లేకుండ మంత్రిని పారేసింది. దీంతోటి పిల్లలు ఆట నేర్వరు. ఎదుటోడు ఎప్పుడు పారేస్తడా అని సూసుకుంట కూసుంటరు."

పరశురాములు మొహం ఎర్రబడింది. "కావాల్నని ఓడుడు నీకెట్ల ఎరుకే?"

ఆమె గ్లాసులు బల్ల మీద పెట్టింది. "రోజూ చేస్త గద. దీనికన్న నేనే మంచిగ ఓడిపోత."

అతను పెద్దగా నవ్వాడు. మేడం నవ్వలేదు. నేను పైకప్పు చూశాను.

"అయితే నాతోటి ఆడు," అన్నాడతను.

బయటివాళ్ల ముందు ఆమె అతని ఎదుటి కుర్చీలో కూర్చోవడం నేను అదే మొదటిసారి చూశాను. ఆట సగంలో గుర్రం పట్టుకున్న చెయ్యి అలవాటుకొద్దీ అతని శకటు నోటికి అందే గడి వైపు వెళ్లింది. గాల్లో ఆగింది. ఆ చెయ్యి ఆమె మాట వినడానికి ఒక్క క్షణం పట్టింది. తర్వాత గుర్రం ఎక్కడ దిగాలో అక్కడ దిగింది. ఆటకట్టు.

"మా బడికి మరి ఎవరొస్తున్నరు?" అంది సునీత.

"నేనే. రేపు పొద్దుగాల బస్సుకొస్త," అంది త్రివేణి, అతని వైపు చూడకుండా.

పరశురాములు లేచి, వంటింట్లోకి వెళ్లి అందరికీ చాయ్ పెట్టుకొచ్చాడు.

ఇందులో నేను కల్పించింది ఒక్కటే, ఆ చివరి చాయ్. అతను వంటింట్లోకి పోలేదు, చెప్పులేసుకుని బజారుకు పోయాడు. చాయ్ త్రివేణే పెట్టింది. మేడంకు, నాకు, తనకు.