మంచు మీద సాగనంపు

ఉండి గ్రామంలో బంగార్రాజు ఇంటికి వచ్చిన మనిషి తిరిగెళ్ళేటప్పుడు ఒంటరిగా గేటు దాటిన దాఖలా లేదు. వద్దన్నా చెప్పులేసుకుని బస్సు దాకా వెంట నడుస్తాడు. బస్సు ఆలస్యమైతే మళ్ళీ ఇంటికి లాక్కొచ్చి కాఫీ పట్టిస్తాడు. కొల్లేటి కొంగలు కూడా ఆయన సాగనంపితేగాని వలస కదలవని ఊళ్ళో వెక్కిరింత.

ఏలూరులో ఉండే ఆయన చెల్లెలి మొగుడు మురళీకృష్ణంరాజుకి స్కీయింగు పిచ్చి. తోడు కోసమని బంగార్రాజూ నేర్చుకున్నాడు. ఈ శీతాకాలం ఇద్దరూ కాశ్మీరులోని గుల్మార్గు బయల్దేరుతుంటే, "ఆయన్ని ఒక్కర్నీ వదలకన్నయ్యా," అంది చెల్లెలు శ్రీవిద్య.

అక్కడ తాళ్ళు కట్టిన హద్దు దాటాక ఒక వాలు దగ్గర గైడు ఫిర్దౌస్ ఆపాడు. రాత్రంతా వీచిన గాలి కొండ అవతలి మంచుని ఎత్తుకొచ్చి ఇక్కడ పలకలా బిగించిందట. పైన పలక, కింద పంచదారలా వదులు మంచు. ఒక మనిషిని మోస్తుంది, ఇద్దరినైతే చెప్పలేం. ఒక్కొక్కరే పై అంచు వెంట దాటాలి, మిగతావాళ్ళు ఇవతలి బండ దగ్గర నిలబడి చూస్తూ ఉండాలి.

"పలక మీద అక్షరాలు దిద్దాంగాని, అడుగులు దిద్దడం ఇదే మొదలండి," అన్నాడు బంగార్రాజు.

"ఆయ్, ఇది పగిలితే కొత్తది కొనివ్వరండి. మీరిక్కడే ఉండండి బావగారూ," అన్నాడు మురళి.

ఫిర్దౌస్ దాటాడు. వెనక మురళి బయల్దేరాడు. ఆయన ఎర్రటోపీ సగం దూరం వెళ్ళేసరికి బంగార్రాజు కాళ్ళు ఆగలేదు. చెల్లెలి మొగుణ్ణి ఒంటరిగా పంపి, బండ పక్కన ఇంకో బండలా నిలబడటమా? గేటు దాకా వెళ్ళినట్టు కాస్త వెళ్ళొద్దామనుకున్నాడు.

నాలుగడుగులు జారాడో లేదో, కాళ్ళ కింద ఖాళీ డ్రమ్ము మీద గుద్దినట్టు ఢబ్బుమంది. స్కీల ముందు నుంచి ఒక గీత పరుగెత్తింది. గీతకి దిగువనున్న వాలంతా ముక్కలై మురళిని మోసుకుపోయింది. ఎగువన బంగార్రాజు నిక్షేపంగా మిగిలాడు. మనిషి మిగిలాడు, మర్యాదే జారిపోయింది.

ఎర్రటోపీ మునిగింది, తేలింది, మళ్ళీ మునిగింది. చివరికి తేలి ఆగింది. నడుము దాకా మంచు. ఫిర్దౌస్ పారతో తవ్వి బయటికి లాగాడు.

"దెబ్బ తగిలిందాండీ?" కిందికి దిగొచ్చి అడిగాడు బంగార్రాజు.

"లేదండి. వెనకాల వచ్చారా బావగారూ?"

"కాస్త దూరమేనండి."

"కిందికి జార్చి పైకి పంపేసేవారండి," అని మంచు దులుపుకుంటూ నవ్వాడు మురళి. బంగార్రాజుకి నవ్వు రాలేదు.

తిరుగుదారిలో ఇంకో చిన్న వాలు. ఫిర్దౌస్ దాటాక మురళి వెళ్ళాడు. బంగార్రాజు అక్కడి బండకి వీపు ఆనించి, ఎర్రటోపీ మీద పెట్టిన కళ్ళు తిప్పలేదు. జేబులో ఫోను మోగింది. తియ్యలేదు. టోపీ అవతల ఆగి, చెయ్యి ఊపాక తీశాడు.

"ఏవిటన్నయ్యా, ఎత్తవు? ఆయన పక్కనే ఉన్నావా?"

"లేనమ్మా. ఒక్కరే దాటారు. ఉండు, ఇప్పుడు నేను వెళ్ళాలి. ఆయన అక్కణ్ణించి చూస్తున్నారు."