మిగిలిన మూడు రోజులు

సూరత్‌లో ప్లేగని పేపర్లు గోల పెడుతున్న ఏడాది, అటునుంచి వచ్చినవాళ్ళు పది రోజులు ఇల్లు కదలకూడదని ఆర్డరు వచ్చింది. జగ్గయ్యపేటలో మా వీధి చివరింటి లారీ డ్రైవరు జాన్‌బాషా సరిగ్గా అప్పుడే సూరత్ నుంచి దిగాడు. రోజూ వెళ్ళి జ్వరం చూసి, ఆ మొగుడూ పెళ్ళాలకి మాత్రలిచ్చి రావాల్సిన నర్సును నేను.

ప్లేగు భయంతో వీధి వీధంతా ఆ ఇంటికి ఎడంగా నడిచింది. లోపల మాత్రం పండగే. మొదటిరోజు వెళ్ళేసరికి జాన్‌బాషా పెళ్ళాం షాజాది పక్కన కూర్చుని వెల్లుల్లి ఒలుస్తున్నాడు. మర్నాడు ఇద్దరూ చింతగింజలతో వామనగుంటలు ఆడుతున్నారు. షాజాది ఒక గింజ దాచింది, అతను చెయ్యి పట్టేసుకున్నాడు, ఇద్దరూ పడీపడీ నవ్వారు. నోట్లో థర్మామీటరు పెట్టినా అతని నవ్వు ఆగలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది.

మా ఆయన దత్తాత్రేయకి నందిగామలో ఆఫీసు. గంట కూడా పట్టదు బస్సులో. అయినా అక్కడే గది తీసుకుని నెలకోసారి చుట్టపుచూపుగా వస్తాడు. వీధిలో అందరికీ తెలిసిన సంగతే. ఆయన్ని ఇంట్లో కూర్చోబెట్టే ఆర్డరు ఏ కలెక్టరూ ఇవ్వడు.

ఏడోరోజు షాజాది నన్ను గుమ్మంలో ఆపింది. "పెళ్ళయి ఆరేళ్ళయిందమ్మా. ఈయన వరసగా నాలుగు రోజులు ఇంట్లో ఉన్నదే లేదు. ఇంకా మూడు రోజులున్నాయిగా, ఏ రోజు ఏం వండుకోవాలో కూడా అనుకున్నాం" అంది. మొహం వెలిగిపోతోంది.

ఆసుపత్రికి వెళ్ళేసరికి లారీ ఓనరు తన డ్రైవర్ని వదలమని డాక్టరుగారిని వేధిస్తున్నాడు. ఆయన విసిగిపోయి నావైపు తిరిగారు. "జ్వరం లేదని రాస్తే ఇవాళే వదిలేద్దాం భారతీ. నీకేమన్నా అనుమానముంటే చెప్పు, పది రోజులూ ఉండనీ."

జ్వరం లేదు, అది నిజమే. ఉంచుదామండీ అని ఒక్క మాటంటే చాలు. ఆ మాట నా నోట్లోంచి రాలేదు. రాసిచ్చేశాను. కళ్ళల్లో నిప్పులు పోసుకున్నాననే అనుకోండి. నిజం రాసి తప్పు చేసినట్టనిపించడం నాకదే మొదటిసారి.

సాయంత్రానికే లారీ వచ్చి అతన్ని ఎక్కించుకుపోయింది. షాజాది గుమ్మంలోనే నిలబడిపోయింది. బయటికి రావచ్చన్న సంగతి మర్చిపోయినట్టుంది. ఇక నా ప్రాణం హాయిగా ఉంటుందనుకున్నాను. లేదు.

మర్నాడు ఆమెకి మిగిలిన మాత్రలివ్వడానికి వెళ్ళాను. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. పీట వేసి, టీ తెచ్చి చేతికిచ్చింది.

"అంతా మీ చేతిలోనే ఉందని డాక్టరుగారు అన్నారంటగా. ఓనరు చెప్పాడు" అంది.

నేను గ్లాసు కింద పెట్టబోయాను.

"తాగండి సిస్టరమ్మా. ఇప్పుడిక మీరూ నేనూ ఒకటేగా."