భద్రమ్మ హోటల్ మంచాలు

హాలియాల బస్సు ఆగే జాగాకు ఎదురుంగ భద్రమ్మ హోటలుండేది. హోటలంటే ఏదో మేడ అనుకునేరు. ముందట చాయ పొయ్యి, వెనుక పెద్ద వాకిలి, వాకిట్ల కిరాయికి నులక మంచాలు, గంతే. వాకిలి దాటితే గుట్టలు, గుట్టల నిండ నెమళ్లు. సాగర్ డ్యాం కడుతున్న ఏండ్లాయె, లారీ డ్రైవర్లకు, మేస్త్రీలకు గదే దిక్కు. మొగడు పోయినంక భద్రమ్మ ఒక్కతే హోటల్ నడుపుతుండె. ఆమె మాటకు ఎదురు చెప్పినోడు లేడు.

పొద్దుగూకంగ మంచాలన్నీ ఒక్క తీరుగ వరుస వేసేది. తెల్లారేసరికి ఏ మంచానికా మంచం తిరిగి, పండుకున్నోని కాళ్లు వాని ఊరి దిక్కుండేవి. కేతేపల్లోడు ఉత్తరానికి, కల్వకుర్తోడు పడమటికి. లేచి తిన్నగ నడిస్తే ఇల్లే. అది ఎవ్వరికీ వింత గాదు. కాకపోతే ఊడ్చేటప్పుడు మంచాలు అడ్డమొస్తున్నయని పనిచేసే పుల్లమ్మ సణుగుతుండేది.

ఎండలు ముదిరినంక ఐలేశం వచ్చిండు. కృష్ణ ఒడ్డున గొల్లాయన. డ్యాం నిండితే ఆయన ఊరు మునుగుతది. పెండ్లాం ఎప్పుడో పోయింది, పిల్లల్లేరు, ఉన్నయల్లా మేకలే. వాటిని హోటలెనుక తుమ్మల్ల తోలి వచ్చి కూసున్నడు.

"సర్కారోళ్లు తూర్పున ఒక జాగా, ఉత్తరాన ఒక జాగా చూపిండ్రు. సోమవారం ఏదో ఒకటి చెప్పాల్నట. నాకైతే సమజైతలేదు. నీ మంచం చెప్తదంటే వచ్చిన భద్రమ్మా."

"చెప్తది. నిమ్మలంగ పండుకో."

తెల్లారి చూస్తే ఆయన కాళ్లు కృష్ణ దిక్కే ఉన్నయి. భద్రమ్మకు భయమైంది. పోయినేడు ఒక ముసలాయన మంచం గూడ గట్లనే తిరిగితే, ఆయన లేచి పోయి ఆ ఒడ్డునే కూసోని, అన్నం నీళ్లు ముట్టక పాణం ఇడిసిండు.

"మంచానికి ఇంకా పాత ఊరే యాదికున్నది. జర ఆగుదాం," అని చాయ పోసింది.

ఐలేశం ఊకె కూసునే రకం గాదు. సడలిన నులక బిగించిండు. మేకపాలు పిండి పొయ్యికాడ పెట్టిండు. ఒక్కో మేకకు ఆయన పెట్టిన పేర్లు విని భద్రమ్మ కడుపు పట్టుకుని నవ్వింది. ఆమె అట్ల నవ్వంగ చూసి పుల్లమ్మ బిత్తరపోయింది. మంచమైతే రోజూ కృష్ణ దిక్కే తిరుగుతుండె.

సోమవారం వచ్చింది. భద్రమ్మ అందరికంటె ముందు లేచింది. ఆయన మంచాన్ని తనే తూర్పుకు తిప్పుదామనుకున్నది. అబద్ధమైతే అబద్ధమాయె, మనిషి బతకాలె. మెల్లగ పోయి మంచం కోడు మీద చెయ్యేసింది.

కిర్రుమన్నది. కాళ్లదిక్కు ఆమెవైపు తిరిగింది.

ఉలిక్కిపడి అవతలికి నడిచింది. మంచం గూడ అటే తిరిగింది. బాయికాడికి పోతే బాయిదిక్కు, పొయ్యికాడికొస్తే పొయ్యిదిక్కు. పైన ఐలేశం గొంగడి కప్పుకుని గుర్రు పెడుతుండు. భద్రమ్మకు సిగ్గూ వచ్చింది, సంతోషమూ వచ్చింది. మళ్లొక్కసారి బాయిదాక పోయొచ్చింది.

చీపురు పట్టుకుని నిలబడ్డ పుల్లమ్మ అంతా చూసింది. "ఇగ చాలు తియ్యక్కా. ఆయనకు కండ్లు తిరుగుతయి."

ఐలేశం లేచి కూసున్నడు. "ఎటున్నయి కాళ్లు?"

"నా దిక్కున్నయి," అన్నది భద్రమ్మ, తల దించుకోకుండ. "నాదీ గొల్లోళ్ల ఇల్లే. మారుమనువు మనకు తప్పు గాదు. నీకిష్టమేనా?"

ఐలేశం ఆమెను చూసిండు, మంచాన్ని చూసిండు. ఇష్టమేనని తలూపిండు. గొంగడి మడత పెట్టుకుంట అడిగిండు, "మరి సర్కారోళ్లకు ఏం చెప్పాలె?"

"తూర్పుదో ఉత్తరందో, మంచి మన్నున్నది తీసుకో, దున్నుకుందాం. ఇల్లు మాత్రం గిదే."