వంటింటి గోడకి పొట్ట

వంటింటి గోడకి టైల్స్ వేయించాలని మా ఆవిడ ముచ్చట. మళ్లీ తనే ఒక షరతు పెట్టింది, వాళ్ల నాన్న చేత్తో పూసిన ప్లాస్టరింగ్ మీద ఉలి పడకూడదని. మామయ్య నలభై ఏళ్లు తాపీపని చేసి, మోకాళ్లు మొరాయించాక మా ఇంట్లోనే ఉంటున్నారు. పన్నెండేళ్ల కిందట ఈ ఇల్లు కట్టినప్పుడు పూసిన ఆ గోడే ఆయన ఆఖరి పని. ఎవరొచ్చినా మా ఆవిడ వంటింట్లోకి లాక్కెళ్లి "మా నాన్న గోడ" అని చూపించేది. అప్పుడాయన లేచి వరండాలోకి వెళ్లిపోయేవారు. మొహమాటం అనుకునేవాణ్ణి.

దొరికిన మేస్త్రిని అందరూ నిదానం అంటారు. పక్క వీధిలో మూడు రోజుల పని వారం చేశాడని విన్నాను. వస్తూనే గిన్నెల స్టాండు దింపించాడు. దాని వెనక నుంచి, రెండు చివరలా, మడతపెట్టిన అట్టముక్కలు రాలాయి. అవేమిటని నేనడిగేలోపే మా ఆవిడ తీసి చెత్తబుట్టలో వేసేసింది. మేస్త్రి పొడవాటి అల్యూమినియం బద్దని గోడకి ఆనించి, అది అటూ ఇటూ ఊగడం చూపించాడు. గోడ మధ్యలో పొట్ట ఉందట. దాన్ని చెక్కి, పక్కల్ని సిమెంటు మాలుతో నింపి చదును చేస్తే తప్ప టైల్ కూర్చోదట.

పన్నెండేళ్లు లేని పొట్ట ఇవాళ ఎక్కణ్ణుంచి వచ్చింది? వంకర బద్ద తెచ్చి మంచి గోడని చెడ్డది చేస్తున్నాడనిపించింది. మా ఆవిడతో అదే అన్నాను. నాన్న గోడని ఒక్క మాటంటే ఊరుకోని మనిషి, "ఏమో, మీరే చూడండి" అని గిన్నెలు సర్దుకుంటూ ఉండిపోయింది. అదీ వింతగానే తోచింది.

మర్నాడు పొద్దున దేవుడి ముందు కూర్చుని, "ఈ మేస్త్రి మనసులో ఏముందో చూపించు తండ్రీ" అని వేడుకున్నాను. పక్కవాడి లోగుట్టు చూపించమని దేవుణ్ణి అడగొచ్చో లేదో నాకు తెలియదు. అడిగాను.

లేచి వచ్చేసరికి మామయ్య, మేస్త్రి వరండాలో చెవులు కొరుక్కుంటున్నారు. మామయ్య అతని ముంజేయి పట్టుకుని ఉన్నారు. నన్ను చూడగానే ఒకరు కళ్లజోడు తుడుచుకున్నారు, ఒకరు సిమెంటు బస్తా వైపు తిరిగారు. పెద్దాయన్ని మాటల్తో బుట్టలో వేసుకున్నాడు, ఇక ఇతను ఆడింది ఆట అనుకున్నాను.

మధ్యాహ్నం మేస్త్రి భోజనానికి వెళ్లాడు. తలుపు వెనక మామయ్య టేకు బద్ద మేకుకి వేలాడుతూ ఉంటుంది. దాన్ని తీసి గోడకి ఆనించాను. పైన పెట్టాను, కింద పెట్టాను. ఎక్కడా చీమ దూరే సందు లేదు. అలాగే పట్టుకుని నిలబడ్డాను.

అతను రాగానే అడిగాను. "చూడు మేస్త్రీ, ఇది నలభై ఏళ్ల బద్ద. ఏదీ నీ పొట్ట?"

అతను బద్దని చూశాడు, గుమ్మం దగ్గరున్న మామయ్యని చూశాడు.

"మాట్లాడవేం?"

"పాత గోడలు ఒక్కోసారి దిగుతాయి సార్. అలా అనుకోండి."

గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకుంటున్నాడు అనుకున్నాను. ఇంకో మాట అనేవాణ్ణే.

"అతన్నేమీ అనకు అల్లుడూ," అన్నారు మామయ్య. "ఆ బద్దని తిరగేసి పెట్టు."

తిరగేశాను. నడుమ మాత్రమే ఆనింది. రెండు చివరలా వేలు దూరేంత సందు. వేలితో తోస్తే ఊగింది.

మా ఇల్లు కట్టేటప్పుడు ఆ బద్ద నాలుగు రోజులు వానలో పడి ఉందట. ఆరాక సరిచూసుకోకుండా దాంతోనే గోడ మీది మాలు లాగి చదును చేశారట. బద్ద ఎలా వంగిందో గోడా అలాగే వచ్చింది. అందుకే ఆ వైపు పెడితే ఎప్పటికీ సరిగ్గానే ఉందంటుంది. గోడ గట్టిపడ్డాక గానీ ఆయనకి తెలియలేదు.

"గోడ దిగిందని చెప్పమని పొద్దున ఇతన్ని నేనే బతిమాలుకున్నాను," అన్నారు తలదించుకుని. "అమ్మాయి చిన్నబోతుందని."

అమ్మాయి ఆయన వెనకే ఉంది, మేస్త్రికి మంచినీళ్లు పట్టుకుని. ఏదో ఒక అబద్ధం చెప్పి గండం గట్టెక్కిద్దామని నోరు తెరిచాను. అంతలో ఆమె చెంబు కింద పెట్టి, నా చేతిలోంచి బద్ద తీసుకుంది.

"స్టాండు బిగించిన రోజే ఊగింది నాన్నా. అట్టలు మార్చలేక చస్తున్నాను."

"తెలిసీ అందరికీ చూపిస్తావెందుకే?"

"నీ గోడ కాబట్టి."

ఉలి వద్దన్నది గోడ కోసం కాదని నాకప్పుడు తట్టింది.

మామయ్య మేస్త్రి వైపు చేయి చాచారు. మేస్త్రి ఉలీ సుత్తీ అందించాడు. నేను స్టూలు వేశాను. ఆయన కూర్చుని పొట్ట మీద మొదటి దెబ్బ వేశారు. పెచ్చు ఊడి ఒళ్లో పడింది.

మేస్త్రిని క్షమాపణ ఎలా అడగాలో తోచలేదు. ఎన్నాళ్లు పడుతుందని అడిగాను. వారం అన్నారు.

"కానివ్వండి," అన్నాను, మంచినీళ్ల చెంబు మేస్త్రిగారి చేతికిచ్చి.