పొడిగుడ్డ

బకెట్లో ఇవాళ నానుతున్న గుడ్డలు రెండే. అవీ పిల్ల నిద్రలో తడిపినవి. వాటిని జాడించి, పిండి, బాల్కనీలో తీగ మీద ఆరేస్తుంటే వెనకనుంచి అత్తగారు అన్నారు, "హమ్మయ్య, ఈ గుడ్డల గోల వదిలింది. ఇక నీకు బోలెడు తీరిక."

ఆమె నవ్వి ఊరుకుంది. గుడ్డల గోల వదిలిందని ఇల్లంతా సంబరపడుతుంటే, ఇన్నాళ్ళూ వాటిని ఉతికిన మనిషికి మాత్రం దిగులుగా ఉందంటే ఎవరు నమ్ముతారు? పైకి చెబితే పిచ్చెక్కిందనుకుంటారు.

పిల్ల పుట్టినప్పుడు, "కొన్న డైపర్లు వేస్తే లేత ఒళ్ళు కందిపోతుంది, గుడ్డలే కట్టాలి" అని అత్తగారు తీర్పు చెప్పేశారు. భర్త ఇంకో మెట్టెక్కి, భూమికి కూడా అదే మంచిదన్నాడు. భూమిని కాపాడే పనిలో మొదట ఆమె నూలు బట్టలు కత్తెర పాలయ్యాయి. తను పనిచేసే షాపుకి ఇష్టంగా వేసుకెళ్ళే లేతనీలం చొక్కా కూడా పోయింది. అతని చొక్కాలు అలమారాలో అలాగే ఉన్నాయి. "అవింకా పనికొస్తాయి కదా" అన్నాడు. ఆ తర్వాత ఇంటికి ఎవరొచ్చినా, "మేం గుడ్డలే వాడతాం" అని చెప్పుకునేవాడు. ఆ మాట విన్నప్పుడల్లా ఆమె సబ్బునీళ్ళకి పగిలిన తన వేళ్ళకేసి చూసుకునేది. ఆ పనిలో అతని వాటా ఆ మాట అనడం ఒక్కటే.

ఇప్పుడు పిల్లకి రెండేళ్ళు దాటాయి. అందరూ దాన్ని పిడుగు అంటారు. కొన్ని వారాలుగా ఆమె ఆ పిడుగుని బాత్‌రూమ్‌లో చిన్న ప్లాస్టిక్ సీటు మీద కూర్చోబెట్టి, ఎదురుగా గొంతుక్కూర్చుని అదే పాఠం చెప్పింది. "వస్తే చెప్పాలి. రాకపోతే రాలేదని చెప్పాలి. ఆపుకోకూడదు. చెప్పడానికి సిగ్గేమీ లేదు." నేలమీద మడుగులు తుడిచింది, సోఫా కవర్లు ఉతికింది, అత్తగారి చేత "మా పిల్లలు నడక రాకముందే చెప్పేవాళ్ళు" అనిపించుకుంది. చివరికి ఒకరోజు పిడుగు తనంతట తనే పరిగెత్తుకొచ్చి "సుస్సు!" అని అరిచింది. ఆ రోజు నుంచి అది సీటు దిగితే చాలు, ఇంట్లో అందరూ చప్పట్లు కొట్టాల్సిందే. భర్త ఫోన్ మాట్లాడుతూ కూడా ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని కొట్టేవాడు.

ఆ పాఠం చెబుతున్నంతసేపూ ఆమెకే వస్తూ ఉండేది. పిల్లది అయ్యాక వెళ్దాం, వంట దింపాక వెళ్దాం, షాపుకి చేరాక చూద్దాం. షాపుకి చేరితే ఇంకో కథ. ఆమె కళ్ళద్దాల షాపులో కౌంటర్ దగ్గర పనిచేస్తుంది. బాత్‌రూమ్ తాళంచెవి మేనేజరు కుర్చీ వెనక మేకుకి వేలాడుతూ ఉంటుంది. దాన్ని అందుకోవాలంటే ఆయన్ని పక్కకి జరగమనాలి. "ఇందాకే కదమ్మా వెళ్ళారు, కౌంటర్ ఖాళీగా ఉంటే ఎలా?" అని ఒకసారి కస్టమర్ల ముందే అన్నాడు. ఆ రోజునుంచి ఆమె సీసాలో నీళ్ళు తెచ్చుకుంటుంది కానీ తాగదు. మంట, జ్వరం మళ్ళీ మళ్ళీ వస్తుంటే, "నీళ్ళు తాగుతున్నావా? ఆపుకుంటున్నావా?" అని డాక్టరమ్మ గద్దించింది. "తాగుతున్నానండి, ఆపుకోనండి" అంది ఆమె, బడిపిల్లలా. మొన్నటి పరీక్ష చూశాక మాత్రం డాక్టరమ్మ గొంతు పెంచలేదు, తగ్గించింది. "ఈసారి ఇన్ఫెక్షన్ పైకి, కిడ్నీదాకా పాకింది. ఇక ఆటలు కాదమ్మా" అంది. ఆ తగ్గిన గొంతుకే ఆమె భయపడింది.

కారు సంగతి మరీ అన్యాయం. పెళ్ళైన కొత్తలో దారిలో ఒకసారి ఆపమని అడిగితే, "బయల్దేరేముందే చూసుకోవాలి కదా" అని భర్త చిరాకుపడ్డాడు. ముందు సీట్లోంచి అత్తగారు, "ఆడవాళ్ళం, కాస్త ఓర్చుకోవాలి అమ్మాయ్" అన్నారు. ఆవిడ ప్రయాణాల్లో నీళ్ళు తాగగా ఆమె ఎన్నడూ చూడలేదు. సీసా ఎత్తి పెదాలు తడుపుకుని మూత పెట్టేసేవారు. ఆమె మళ్ళీ అడగలేదు. పంటి బిగువున ఓర్చుకోవడం అలవాటు చేసుకుంది.

పిల్ల పుట్టాకే ఆమెకి దారి దొరికింది. "పాప తడిపిందండీ, గుడ్డ మార్చాలి" అంటే కారు టక్కున ఆగేది. పిల్ల ఒళ్ళు పాడవుతుందని అత్తగారే కొడుకుని తొందరపెట్టేవారు. ఆమె పిల్లని చంకనేసుకుని బాత్‌రూమ్‌లోకి వెళ్ళి, ముందు తన పని చూసుకునేది. చాలాసార్లు గుడ్డ పొడిగానే ఉండేది. అప్పుడు సీసాలో నీళ్ళు కాసిని పోసి దాన్ని తడిపి, పిండి, కవర్లో పెట్టి తెచ్చేది. ఎవరూ చూపించమని అడగలేదు. అయినా దొంగలా సాక్ష్యం పట్టుకునే తిరిగేది. ఇప్పుడా గుడ్డలు అలమారా ఎక్కబోతున్నాయి. పొద్దుటినుంచి ఆమె కాలు కాలిన పిల్లిలా తిరగడానికి కారణం అదే. ఇవాళ ఆడపడుచు వాళ్ళింటికి ప్రయాణం. చాలా దూరం.

డాక్టరమ్మ మాట గుర్తొచ్చి ఆమె బయల్దేరేముందు నీళ్ళు నిండా తాగింది. ఊరు దాటాక భర్త, "నడుం పట్టేసింది" అంటూ ఒక గోడ పక్కన కారాపి, అటు తిరిగి నిలబడి, తీరిగ్గా ఈల వేసుకుంటూ తిరిగొచ్చాడు. ఆమె ఆ గోడకేసి చూసింది. అది అతనికి సరిపోయే గోడే. తనకి తలుపున్న చోటు కావాలి.

"ఇక మధ్యలో ఆపేది లేదు. భోజనాలవేళకి చేరిపోవాలి" అన్నాడతను సీటుబెల్టు పెట్టుకుంటూ.

ఆమెకి రోడ్డు మీద ప్రతి గుంటా పొత్తికడుపులో తగులుతోంది. కాళ్ళు మార్చి మార్చి వేసుకుంది. కిటికీ దించింది, ఎత్తింది. ఒళ్ళో పిడుగు బరువు రాయిలా ఉంది. అంతలో దూరంగా పెట్రోలు బంకు కనిపించింది. పక్కనే తలుపు మీద ఆడమనిషి బొమ్మ.

"ఏవండీ, పాపకి వస్తోందట. అక్కడ ఆపండి."

"నాకు రాలేదు" అంది పిడుగు గట్టిగా.

అత్తగారు మురిసిపోయారు. "బంగారు తల్లి! వస్తే అదే చెబుతుందిగా."

"చెబుతుందిలే. నేర్పింది నువ్వేగా" అని నవ్వాడు భర్త. బంకు వెనక్కి వెళ్ళిపోయింది.

ఆమె వంగి పిల్ల చెవిలో, "నాన్నకి వచ్చిందని చెప్పమ్మా" అంది. పిడుగు అర్థంకానట్టు చూసింది. "రాలేదు కదా అమ్మా." ఆమె పిల్ల తొడ మీద వేళ్ళు బిగించింది. గిచ్చాననుకోలేదు. కానీ పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కాసేపు అమ్మ మొహంలోకి చూసి, తల దించుకుని, నోట్లో నోట్లో "వచ్చింది" అంది.

ఆమె ఆ దించుకున్న తలకేసి చూసింది. ఆ తల తనది. చిన్నప్పుడు బడిబస్సు ఎక్కేముందు, "ఇప్పుడే వెళ్ళిరా, దారిలో ఎవర్నీ అడగకూడదు" అని అమ్మ చెప్పినప్పుడు ఊపిన తల. మేనేజరు కుర్చీ ముందు వంచిన తల. ఇన్ని వారాలు నేలమీద గొంతుక్కూర్చుని నేర్పిందంతా ఒక్క గిచ్చుడుతో తుడిచేసిందా? తన కోసం కన్నకూతురిచేత అబద్ధం ఆడించే దాకా వచ్చిందా? ఆమెకి తనమీద తనకే అసహ్యం వేసింది.

"ఏంటే, ఇప్పుడే రాలేదన్నావు?" అన్నాడు భర్త విసుగ్గా, అద్దంలోంచి పిల్లని చూస్తూ.

"దాన్ని అడక్కండి. దానికి రాలేదు" అంది ఆమె. "నాకు వచ్చింది. ముందు బంకు కనబడగానే ఆపండి."

అత్తగారు నీళ్ళసీసా మూత తిప్పుతూ ఉండిపోయారు.

"ఇంకాసేపు ఆగలేవా? వచ్చేశాం కదా" అన్నాడు భర్త.

"ఆగగలను. ఇన్నేళ్ళూ ఆగానుగా. ఇక ఆగను."

ఈసారి మాట పూర్తిగా బయటికొచ్చింది. తర్వాతి బంకు దగ్గర కారు ఎడమకి తిరిగి, కసిగా బ్రేకు పడి ఆగింది.

ఆమె పిల్లని దింపి చెయ్యి పట్టుకుని నడిచింది. కవరు తీసుకోలేదు, గుడ్డ తీసుకోలేదు. తలుపు దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని పిల్ల తొడ నిమిరింది. "గిచ్చాను కదూ. తప్పు నాదే. రాకపోతే రాలేదనే చెప్పు, ఎవరడిగినా సరే. నేనడిగినా సరే." పిడుగు తల ఊపింది.

ఆమె పిల్లని కారుకి ఎదురుగా గుమ్మంలోనే నిలబెట్టి, లోపల గడియ పెట్టుకుంది. ఎవరూ పిలవకముందే లేచి వచ్చేయాలన్న తొందర లేకుండా కూర్చోవడం ఆమెకే వింతగా ఉంది.

తలుపు తీయగానే చప్పట్లు. పిడుగు గుమ్మంలో నిలబడి, రెండు చేతులూ ఎర్రబడేలా కొడుతోంది. దాని వెనక అత్తగారు. ఆవిడ ఎప్పుడు దిగారో!

"ఇది పట్టుకో అమ్మాయ్" అని అత్తగారు హ్యాండ్‌బ్యాగు ఆమె చేతిలో పెట్టారు. కోడలి మొహంలోకి చూడలేదు. "వాడితో ఎప్పుడూ చెప్పలేదు నేను. చెప్పుకునే సంగతా ఇది?" అని గొణుక్కుంటూ లోపలికి వెళ్ళి గడియ పెట్టుకున్నారు.

పిడుగు మూసిన తలుపుకేసి తిరిగి, చప్పట్లకి చేతులు సిద్ధంగా పెట్టుకుని నిలబడింది.

కారు హారన్ మోగింది. ఒకసారి, మళ్ళీ ఒకసారి, విసుగ్గా.

ఆమె అటు తిరిగింది.

"ఆగండి" అంది.