కంచె లేని గేటు

మా ఊరు మలిన్స్ వెల్‌కి తూర్పుగా, ఎర్ర రాళ్ళ మైదానంలో ఒక గేటు ఉంది. దానికి అటూ ఇటూ కంచె లేదు. పెద్ద వరద వచ్చిన ఏడు కంచె కొట్టుకుపోయింది. గేటూ, దాని రెండు స్తంభాలూ మిగిలాయి. ఆ పొలంలో మేసిన గొర్రెలు ఎప్పుడో అమ్ముడుపోయాయి. అయినా దారి ఆ గేటులోంచే పోతుంది కాబట్టి మేమందరం అక్కడ ఆగుతాం, దిగుతాం, గేటు ఎత్తి తెరుస్తాం, దాటుతాం, మళ్ళీ మూస్తాం. పక్కనుంచి పోవచ్చు కదా అని మా ఊళ్ళో ఎవరూ అనగా నేను వినలేదు.

ఏటా మాకు చలికాలమైన జూలైలో జరిగే మా కంకరదారి సైకిలు పందెం కూడా ఆ గేటు మీదుగానే ఊళ్ళోకి వస్తుంది. లావు టైర్ల సైకిళ్ళు వేసుకుని ఎక్కడెక్కడి వాళ్ళో వస్తారు. తెల్లవారగానే బయల్దేరి, ఇసుక దిబ్బలు ఎక్కి దిగి, ఉప్పు చెరువు చుట్టి, పొద్దు గుంకేలోపు హోటలు ముందు గీసిన సున్నపు గీత దాటాలి. అందరి వెనకా తోకబండి వస్తుంది. ఆ బండి నాది. చైను తెగినవాళ్ళనూ, కాళ్ళు పట్టేసినవాళ్ళనూ ఏరుకుని వెనక తొట్టిలో వేసుకుని రావడం నా పని. తోకబండి ఎవరిని దాటితే వాళ్ళు పందెంలో లేనట్టే. తోకబండి చెయ్యి సాయం అందుకున్నా లేనట్టే.

ఆ ఏడు నా ముందున్న చివరి సైకిలు డల్సీది.

డల్సీ, నేను హోటలు వంటింట్లో ఒకే పొయ్యి దగ్గర ముసలివాళ్ళమయ్యాం. ఆమె ఎన్నిసార్లు పందెంలో దిగిందో అన్నిసార్లూ నా తొట్టిలోనే ఊరు చేరింది. సోమవారం పోస్టు విమానంలో టాస్మేనియాకి, చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతోంది. ఇక రాదు. "ఈసారి తొట్టిలో రాను. గీత దాటి మరీ పోతాను" అని ఊరంతా చెప్పింది.

అందుకని పొద్దుటినుంచీ ఆమెను దాటకుండా ఉండటానికి నేను పడని పాట్లు లేవు. ఆమె దిబ్బ మీద సైకిలు తోసుకుంటూ నడిస్తే నేను ఫస్టు గేరులో పాకాను. ఆమె కూర్చుని బీట్‌రూట్ శాండ్‌విచ్ తింటే ఇంజను ఆపి నేనూ కూర్చున్నాను. ఆమె పొద చాటుకి వెళ్తే మర్యాదకి కొంత దూరం వెనక్కి కూడా పోనిచ్చాను. ఇంజను వేడెక్కుతుందేమోనని ఒక భయం, ఆమె గుండె ఆగుతుందేమోనని ఒక భయం.

తొట్టిలో ఇద్దరున్నారు. ఒకడు గొర్రెల బొచ్చు కత్తిరించే మెర్వ్, చైను తెంపుకున్నాడు. రెండోవాడు అడిలైడ్ నుంచి వచ్చిన పళ్ళ డాక్టరు క్వెంటిన్. ఆయన సైకిలు ఒంటివేలితో ఎత్తగలిగేంత తేలిక. దిబ్బ దిగుతుంటే రెండు ముక్కలైంది.

"నోలా, మనం ముందుకి పోతున్నామా, వెనక్కా?" అని మెర్వ్ అరిచాడు.

"నీకెందుకు? కూర్చో."

"అదుగో, తొండ మనల్ని దాటేసింది. ఇక మనల్ని ఏరుకోడానికి ఇంకో బండి రావాలి."

పొద్దు వాలుతుండగా గేటు చేరాం. గేటు అవతల మడతకుర్చీలో, మెడలో ఈలతో, ఎర్విన్ కూర్చుని ఉన్నాడు. పందెం రూల్సు రాసింది ఆయనే, వాటిని నమ్మేదీ ఆయనే.

డల్సీ సైకిలు దిగి, గేటు కింద భుజం పెట్టి ఎత్తి, తెరిచింది. సైకిలుని అవతలికి తోసి పడుకోబెట్టింది. వెనక్కి వచ్చి గేటు పట్టుకుని నిలబడి, నా వైపు చూసి తల ఊపింది, రమ్మని. ఇక్కడ ఎవరైనా చేసేది అదే. వెనకాల బండి వస్తుంటే అది దాటేదాకా గేటు పట్టుకుంటారు. తండ్రి ఆస్తి దగ్గర మాటలు మానేసిన అన్నదమ్ములు కూడా మొహం పక్కకి తిప్పుకుని మరీ ఒకరికొకరు పట్టుకుంటారు.

నేను గేరు వేశాను. ఎర్విన్ ఈల వేశాడు.

"ఆగు నోలా! నువ్వు గేటు దాటితే డల్సీని దాటినట్టు."

"ఆవిడ నా కోసమే కదయ్యా పట్టుకుంది!"

"ఎందుకు పట్టుకుంటే ఏం? దాటడం దాటడమే."

"సరే, నేను దిగి పట్టుకుంటా. ఆవిణ్ణి పొమ్మను."

"అది సాయం."

"అయితే నువ్వు పట్టుకో."

"నేను జడ్జిని. నా చేతులూ సాయమే."

"నేను పట్టుకోనా?" అన్నాడు మెర్వ్.

"తొట్టిలో ఉన్న సరుకంతా తోకబండి కిందే లెక్క."

"నేను సరుకునా?"

డాక్టరు గొంతు సవరించుకున్నాడు. "ఆవిడ గేటు మూసేసి వెళ్ళిపోతే సరిపోదా? తరవాత మనం తెరుచుకుంటాం."

మెర్వ్ టోపీ తీసి మొహం కప్పుకున్నాడు.

"పోనీ, పక్కనుంచి..." అంటూ ఆయన ఖాళీ మైదానం వైపు చెయ్యి చూపించాడు.

ఎర్విన్ ఆయన్ని జాలిగా చూశాడు. "మీరు పళ్ళ సంగతి చూసుకోండి డాక్టరుగారూ."

ఊరు కనిపిస్తూనే ఉంది. నీళ్ళ ట్యాంకు, హోటలు రేకుల కప్పు. సూర్యుడు దాని వెనక్కి జారుతున్నాడు. ఇంతదాకా తొక్కుకుంటూ వచ్చిన మనిషి ఇక్కడ, ఈ గేటు పట్టుకుని, ఓడిపోబోతోంది.

"డల్సీ, డాక్టరు చెప్పింది నిజమే. గేటు వేసి పో."

"వెయ్యను."

"పొద్దు పోతోందే!"

"నీ మొహం మీద గేటు ఎలా వెయ్యమంటావే? మా ఆయన మొహం మీద కూడా వెయ్యలేదు నేను. వెయ్యాల్సిన మొహం అది."

మెర్వ్ వెనక కిటికీలోంచి తల దూర్చాడు. "కోపమొస్తే తనే గేటు వేస్తుంది నోలా. తిట్టు."

నేను కిటికీలోంచి వంగాను. "ఒసే డల్సీ! నీ కేకులు రాళ్ళు. ఈ మైదానమంతా నువ్వు పారేసినవే."

"పిండి కలిపింది నువ్వే కదే."

"నువ్వు పాడితే కుక్కలు ఊరొదిలి పారిపోయాయి."

"అవి నీ మటన్ తిని పారిపోయాయి."

"ఆవిడ కట్టుడు పళ్ళు వదులుగా ఉన్నాయి" అన్నాడు డాక్టరు, తన వంతుగా.

"ఇవి మీ అడిలైడ్‌లో పెట్టినవే నాయనా!" అని డల్సీ నవ్వింది. ఆ నవ్వుకి గేటు కూడా ఊగింది. మెర్వ్ పొట్ట పట్టుకున్నాడు. నాకూ నవ్వొచ్చింది. ఆ నవ్వులోనే నోరు జారింది.

"సోమవారం పోతున్నావని నాకు పైలట్ చెప్పాడు. నువ్వు చెప్పలేదు."

డల్సీ నవ్వు ఆపింది.

"ఊరందరికీ చెప్పావు. కూరగాయల పెట్టె నా చేతిలో పెడుతూ వాడన్నాడు, మీ నేస్తాన్ని తీసుకుపోతున్నానని. ఆ పెట్టె ఎక్కడ దింపానో కూడా నాకు గుర్తులేదు."

"చెబుదామనే ఉన్నాను."

"ఎప్పుడు? విమానం రెక్క మీదనుంచా?"

"చెబితే నువ్వేం చేస్తావో నాకు తెలీదా? సరుకుల గదిలో దూరి గడియ పెట్టుకుంటావు. మీ అన్న దక్షిణానికి పోయిన రోజు అదే చేశావు. పక్కింటి విల్మా తన కూతురు దగ్గరికి పోయిన రోజూ అదే. పాపం అందరూ ఆ తలుపుకి చెప్పి పోయారు. నేనూ తలుపుకే చెప్పాలా?"

"పోయేవాళ్ళకి తలుపైతేనేం, మనిషైతేనేం? పో! పోవడం మీ అందరికీ బాగా వచ్చు!"

గేటు ధడాలున పడింది. దుమ్ము లేచింది. అది దిగేసరికి డల్సీ సైకిలెక్కి పోతోంది, వెనక్కి చూడకుండా.

"చెల్లుతుంది" అన్నాడు ఎర్విన్. కుర్చీ మడిచి మోటారు సైకిలుకి కట్టుకుని ఆయనా పోయాడు.

ఈ నేల బల్లపరుపు. వెళ్ళే మనిషి తొందరగా మాయం కాదు. డల్సీ వీపు చిన్నదవుతోంది, ఇంకా కనిపిస్తోంది, ఇంకా చిన్నదవుతోంది. మైదానంలో దాక్కోవడానికి గది ఎక్కడుంది? స్టీరింగు పట్టుకుని చూస్తూ కూర్చున్నాను. కోపం కావాలనుకుని తెచ్చుకుంటే నిజం కోపమే వచ్చి కూర్చుంది. ఆమె గెలిస్తే చాలనుకున్నాను, గెలిచాక నాతో మాట్లాడుతుందో లేదో ఆలోచించలేదు.

"దిగి గేటు తియ్యనా?" అన్నాడు మెర్వ్ మెల్లగా.

"వద్దు."

కాసేపటికి బండిలోని వైర్‌లెస్‌లో ఎర్విన్ గొంతు గరగరమంది. "డల్సీ గీత దాటింది. పొద్దు ఇంకా వేలెడు ఉంది."

వెనక తొట్టిలో మెర్వ్, డాక్టరు కావలించుకున్నారు. బండి ఊగింది.

"ఇక నువ్వు రా నోలా. తోకబండి వస్తేనే పందెం ముగిసినట్టు. ముగిశాకే బీరు పొయ్యాలి."

నేను వైర్‌లెస్ అందుకున్నాను. "ఎర్విన్, పందెం ముగియకుండా పోటీదారులు ఊరు వదలకూడదు కదూ?"

"వదలకూడదు. రూలు."

"అయితే నేను ఇక్కడే ఉంటాను."

"ఎంతసేపు?"

"సోమవారం విమానం పోయేదాకా."

వైర్‌లెస్‌లో గోల. ఎవరో దేవుణ్ణి తలుచుకున్నారు. "నోలా, నీకు నేనేం ద్రోహం చేశాను?" అని మెర్వ్ తొట్టిలో మోకాళ్ళ మీద కూర్చున్నాడు. డాక్టరు సోమవారం పేషెంట్ల సంగతి ఎత్తాడు. బిస్కట్లున్నాయి, నీళ్ళు క్యాన్లనిండా ఉన్నాయి, ఎప్పుడూ అవసరానికి మించే తెచ్చుకుంటాను. ఒక బిస్కట్ విరిచి నోట్లో వేసుకున్నాను.

అప్పుడు డల్సీ గొంతు వచ్చింది.

"ఒసేయ్. వస్తావా, రావా?"

"రాను."

"సరే. నేనే వస్తున్నా."

"డల్సీ! గీత వెనక్కి దాటితే దాటనట్టే లెక్క!" అని ఎర్విన్ అరవడం వినిపించింది.

"తెలుసులేవయ్యా. జరుగు."

చైను కిర్రుమన్న చప్పుడు. అన్నంత పనీ చేస్తుంది, నాకు తెలుసు. ఇన్నేళ్ళకి దాటిన గీతని నా మీద పంతంతో చెరిపేసుకుంటుంది.

"కదలకు!" అని అరిచాను. "కాలు కింద పెట్టు! వస్తున్నా!"

మెర్వ్ కంటే ముందు డాక్టరు దూకాడు. డల్సీ చేసినట్టే భుజం పెట్టి గేటు ఎత్తి తెరిచాడు. నేను దాటాను. ఆయన జాగ్రత్తగా మూసి గొలుసు తగిలించాక చూసుకుంటే తను అవతలే ఉన్నాడు. ఆ ఖాళీ నేలని ఒకసారి అటూ ఒకసారి ఇటూ చూశాడు. తరవాత గేటు ఎక్కి, ఇవతలికి దిగాడు. మెర్వ్ చెయ్యందించి తొట్టిలోకి లాక్కున్నాడు.

హోటలు ముందు దీపాలు వెలిగించారు. జనం ఖాళీ గ్లాసులతో గీత పొడవునా నిలబడ్డారు. డల్సీ సైకిలు మీదే ఉంది. ముందు చక్రం గీతకి ఆనీ ఆనకుండా ఉంది. ఒక కాలు నేల మీద, ఒకటి పెడలు మీద. మొహం నిండా ఎర్ర దుమ్ము, అందులో రెండు చారలు. నేను గీతకి ఇవతలే బండి ఆపాను.

"దాటు" అంది. "ఇప్పుడు దాటినా ఏం కాదు."

"సోమవారం నిన్ను విమానం దగ్గరికి ఎవరు దింపుతున్నారు?"

"ఎర్విన్."

"మోటారు సైకిలు మీదా? నీకేమైనా పిచ్చా? నేను దింపుతాను."

"దింపి? సరుకుల గది అంత దూరం పట్టుకొస్తావా?"

"రెక్క కింద నిలబడతాను."

"అది కనపడకుండా పోయేదాకా?"

నేను గీతవైపు చూశాను. ఎర్విన్ ఈల వేశాడు, మళ్ళీ వేశాడు. ఎవరో గ్లాసుతో బల్ల మీద కొట్టడం మొదలుపెట్టారు.

"ఆగండయ్యా" అంది డల్సీ వాళ్ళతో, నా మీదనుంచి చూపు తియ్యకుండా. "అది ఆలోచించుకుంటోంది."